ఓడిన వాదాన్నీ రాసిపెట్టుకున్నవాళ్ళు

టెల్ అవీవ్‌కు దక్షిణంగా, మధ్యధరా తీరానికి కాస్త లోపలగా యావ్నే అనే ఊరుంది. పవిత్రభూమి యాత్రల బస్సులు ఇక్కడ ఆగవు. కొత్త అపార్ట్‌మెంట్లు, దుకాణాలు, పాత ఊరి దిబ్బ, దగ్గర్లో తోరణాల వసారాతో, పైన గుమ్మటంతో ఒక రాతి కట్టడం. 1274లో మమ్లూక్ సుల్తాన్ బైబర్స్ కట్టించినది. ముస్లింలు దీన్ని ప్రవక్త సహచరుడైన అబూ హురైరా దర్గాగా కొలిచారు. యూదులు రబ్బన్ గమ్లియేల్ సమాధి అంటారు. 1948 వరకు ఇక్కడ యిబ్నా అనే అరబ్బు గ్రామం ఉండేది. ఆ ఏటి యుద్ధంలో ఊరివాళ్ళు నిర్వాసితులయ్యారు. దర్గాకు వచ్చేవాళ్ళు అలా పోయారు, సమాధికి వచ్చేవాళ్ళు మిగిలారు. ఈ సంగతి తెలియకుండా లోపల అడుగుపెట్టడం తప్పనిపిస్తుంది నాకు.

గలిలయలోని రబ్బీల, అంటే యూదు ధర్మపండితుల సమాధులు చూడడానికే ఈ ప్రయాణం. అయినా మొదలుపెట్టాల్సింది ఇక్కడే. క్రీ.శ. 70లో రోమన్ సైన్యం యెరూషలేము ఆలయాన్ని తగలబెట్టింది. మనకు ఒక గుడి కూలితే ఇంకో గుడి ఉంటుంది, ఇంట్లో దేవుడి గూడు ఉంటుంది. ఆనాటి యెరూషలేము యూదులకు బలి అర్పించే చోటు అదొక్కటే. పాపానికి ప్రాయశ్చిత్తం, పండుగ, తొలి పంట అర్పణ, యాజకుల సేవ, అన్నీ ఆ ప్రాంగణంతో ముడిపడినవే. అది బూడిదయ్యాక మతం కూడా కనుమరుగు కావాలి. కాలేదు. ఎందుకు కాలేదని వెతుక్కుంటూ పోతే దారి ఈ చిన్న ఊరికే వస్తుంది.

యూదు పండితుల చర్చల మహాగ్రంథమైన తాల్ముద్ చెప్పే కథ ఇలా ఉంటుంది. ముట్టడిలో చిక్కుకున్న నగరంలో, రోముతో కడదాకా పోరాడాల్సిందేనన్న పక్షం ధాన్యపు కొట్లను తమ చేతులతోనే తగలబెట్టింది. ఆకలి వేస్తే గానీ జనం కత్తి పట్టరని వాళ్ళ లెక్క. ఆ పక్షానికి నాయకుడు అబ్బా సిక్రా. నగరంలోని పెద్ద పండితుడు రబ్బన్ యోహనాన్ బెన్ జక్కయ్‌కు అతను స్వయానా మేనల్లుడు. మేనమామ రహస్యంగా కబురంపి, నేను బయటపడే దారి చూపమని అడిగాడు. జబ్బు పడినట్టు నటించు, చచ్చిపోయావని చెప్పించు, కుళ్ళిన వాసన వచ్చేది ఏదైనా పక్కన పెట్టించు, నీ శిష్యులనే పాడె మొయ్యమను అన్నాడు మేనల్లుడు. ఎలియేజర్ ఒక పక్క, యెహోషువ ఒక పక్క పట్టుకుని ద్వారం దాకా తెచ్చారు. కావలివాళ్ళు శవాన్ని ఈటెతో పొడిచి చూస్తామన్నారు. గురువు శవాన్నే పొడిచారని రోమన్లు చెప్పుకుంటారని అబ్బా సిక్రా ఆపాడు. అలా బతికి బయటపడ్డ ముసలాయన రోమన్ సేనాని వెస్పాసియన్ ముందు నిలబడి, నువ్వు రాజువి అన్నాడు. అంతలోనే రోము నుంచి ఆ వార్తా వచ్చింది. ఏం కావాలో కోరుకో అన్నాడు కొత్త చక్రవర్తి. యావ్నేనూ అక్కడి పండితులనూ వదిలిపెట్టు, గమ్లియేల్ వంశాన్ని కాపాడు, యెరూషలేము కూలకూడదని ఏళ్ళ తరబడి ఉపవాసం చేసి కృశించిన రబ్బీ సాదోక్‌కు వైద్యులనివ్వు, అని ఆయన అడిగినవి ఇవే.

చరిత్రకారులు దీన్ని అక్షరాలా నమ్మరు. వెస్పాసియన్ 69లోనే చక్రవర్తి అయ్యాడు. ముట్టడిని ముగించింది అతని కొడుకు టైటస్. కథ మన చేతికొచ్చిన రూపం శతాబ్దాల తర్వాతిది. నన్ను పట్టుకున్నది మాత్రం దాని తర్వాత వచ్చే వాక్యం. అంత గొప్ప అవకాశం దొరికితే యెరూషలేమునే వదిలిపెట్టమని ఎందుకు అడగలేదని తాల్ముద్ అక్కడే నిలదీస్తుంది. ఆ మాట అన్నది రబ్బీ యోసేఫ్ అని కొందరు, రబ్బీ అకీవా అని కొందరు. అంత పెద్దది అడిగితే చిన్నది కూడా దక్కదని ఆయన భయపడి ఉంటాడని ఒక జవాబు కూడా పక్కనే ఉంటుంది. ఒక జాతి తన మతాన్ని బతికించిన మనిషి కథ చెప్పుకుంటూ, ఆయన తప్పు చేశాడేమోనన్న అనుమానాన్ని ఆ కథలోనే కుట్టేసింది. ఈ ప్రయాణమంతా నేను వెతికింది ఆ కుట్టునే.

యోహనాన్ యావ్నేలో చేసిన పనులు వినడానికి చిన్నవి. కొత్త సంవత్సరం సబ్బాతు రోజున పడితే పొట్టేలు కొమ్ము బూర ఊదడం అంతవరకు ఆలయంలోనే జరిగేది. న్యాయసభ ఉన్నచోట ఊదవచ్చన్నాడు. పండుగలో ఖర్జూరపు మట్టల కట్ట పట్టుకునే ఆచారాన్ని ఆలయంలో లాగే అన్నిచోట్లా ఏడు రోజులు పాటించమన్నాడు. కూలిన ఆలయాన్ని చూసి శిష్యుడు యెహోషువ ఏడిస్తే, దానంతటి ప్రాయశ్చిత్తం మనకు ఇంకొకటి మిగిలింది, అది సాటి మనిషికి చేసే మేలేనని ఓదార్చాడంటారు. ఒక్కొక్క పనినీ రాతి కట్టడం నుంచి విడదీసి మనిషి చేతిలో పెట్టాడు.

ఆయన తర్వాత పీఠమెక్కిన రబ్బన్ గమ్లియేల్ గట్టి మనిషి. పండుగ తేదీ లెక్కలో యెహోషువ తనతో విభేదించాడని, ఆయన లెక్క ప్రకారం మహా ప్రాయశ్చిత్త దినమైన రోజునే చేతికర్రతో, డబ్బు సంచితో తన దగ్గరికి నడిచి రమ్మన్నాడు. యెహోషువ వెళ్ళాడు. ఇంకోసారి సభలో అందరి ముందూ ఆయన్ను నిలబెట్టి అవమానిస్తే సభకే సహనం పోయింది. గమ్లియేల్‌ను దించి, పద్దెనిమిదేళ్ళ ఎలాజర్ బెన్ అజర్యాను పీఠమెక్కించారు. వాకిలి కావలివాణ్ణి తీసేశారు. అంతవరకు రానివ్వని విద్యార్థుల కోసం వందల బల్లలు వేయాల్సి వచ్చిందట. క్షమాపణ అడగడానికి గమ్లియేల్ యెహోషువ ఇంటికి వెళ్ళి, మసిబారిన గోడలు చూసి, నువ్వు బొగ్గు పని చేసి బతుకుతున్నావా అని ఆశ్చర్యపోయాడు. పండితులు ఎలా బతుకుతున్నారో తెలియని నాయకుడు దొరికిన తరం ఎంత దౌర్భాగ్యమైనదో అన్నాడు యెహోషువ. క్షమించాడు కూడా.

ఈ సమాధి దగ్గర చెప్పుకోవాల్సిన అసలు కథ వేరే ఉంది. ముక్కలుగా కోసి, మధ్యలో ఇసుక పోసి పేర్చిన ఒక మట్టి పొయ్యి అశుద్ధమవుతుందా కాదా అని సభలో తగువు. కాదన్నది ఎలియేజర్ ఒక్కడే. నేను చెప్పింది నిజమైతే ఆ చెట్టే సాక్ష్యం అన్నాడు. చెట్టు వేళ్ళతో లేచి అవతల పడింది. చెట్టు సాక్ష్యం చెల్లదన్నారు. కాలువ నీళ్ళు వెనక్కి పారాయి. నీళ్ళ సాక్ష్యమూ చెల్లదన్నారు. విద్యాశాల గోడలు వంగాయి. పండితులు వాదించుకుంటుంటే మీకేం పనని యెహోషువ గోడలను గదమాయించాడు. ఆయన మీది గౌరవంతో గోడలు పడలేదు, ఎలియేజర్ మీది గౌరవంతో నిలువుగానూ కాలేదు. చివరికి ఆకాశవాణి పలికింది, ఎలియేజర్ చెప్పిందే సరి అని. యెహోషువ లేచి నిలబడి, ధర్మశాస్త్రం ఇప్పుడు ఆకాశంలో లేదు, మాకు ఇచ్చేశారు, ఇక్కడ నడిచేది ఎక్కువమంది మాట, అన్నాడు. ఆ సమయంలో దేవుడు నవ్వి, నా పిల్లలు నన్ను గెలిచారు అన్నాడట.

ఈ కథ చెప్పేవాళ్ళు చాలామంది ఈ నవ్వు దగ్గరే ఆపేస్తారు. తాల్ముద్ ఆపదు. సభ ఎలియేజర్‌ను వెలివేసింది. కఠినంగా చెబితే లోకమే తగలబడుతుందని భయపడి, అకీవా నల్లబట్టలు కట్టుకుని వెళ్ళి, నాలుగు మూరల దూరంలో కూర్చుని, గురువుగారూ, మీ స్నేహితులు మీకు దూరమైనట్టున్నారు అని చెప్పాడు. ఎలియేజర్ చెప్పులు విప్పి నేల మీద కూర్చుని ఏడ్చాడు. ఆ ఏడు ఆలివ్, గోధుమ, బార్లీ పంటల్లో మూడో వంతు మాడిపోయాయి. ఎలియేజర్ భార్య ఇమ్మా షాలోం, ఈ గమ్లియేల్‌కు తోబుట్టువు. భర్త సాష్టాంగపడి గోడు వెళ్ళబోసుకుంటే అన్న ప్రాణం పోతుందని ఆమెకు తెలుసు. రోజూ కనిపెట్టి ఉండేది. ఒకనాడు ఏమరుపాటున చూసేసరికి ఆయన మొహం నేలకు ఆనించి ఉన్నాడు. లే, మా అన్నను చంపేశావు అంది. గమ్లియేల్ ఇంటి నుంచి చావు బూర వినిపించింది. ఎలా తెలుసని ఆయన అడిగితే, తక్కిన వాకిళ్ళన్నీ మూసుకుపోయినా నొచ్చుకున్నవాడి మొరకు వాకిలి మూయరని తాతగారి ఇంట విన్నానంది. ఎక్కువమంది మాట నెగ్గాలి. నెగ్గినవాళ్ళు ఓడినవాణ్ణి నొప్పించినందుకు బదులూ చెప్పాలి. ఆ రెండూ ఒకే పుటలో ఉన్నాయి. గుమ్మటం కింద గమ్లియేల్ పేరు చెప్పి కొవ్వొత్తి వెలిగించేవాళ్ళను చూస్తూ నేను తలచుకున్నది ఎలియేజర్‌ను.

ఉత్తరాన, హైఫా నుంచి లోపలికి వస్తే ఓక్ చెట్ల కొండల్లో బేత్ షెఅరీం. కొండ మీద గుర్రమెక్కిన మనిషి విగ్రహం ఒకటి ఉంటుంది. అలెగ్జాండర్ జైద్ అనే కావలిదారు. గుహల జాడ చెప్పింది ఆయనే. 1936లో బెంజమిన్ మజార్ తవ్వకాలు మొదలుపెట్టాడు. 2015లో యునెస్కో దీన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. మెత్తటి సున్నపురాతి కొండను తొలిచి, గది వెనక గదిగా, గోడల్లో అరలుగా సమాధులు. యెరూషలేము ఆలీవల కొండ మీద పూడ్చుకునే వీలు పోయాక యూదులకు ఇదే పెద్ద శ్మశానమైంది. పల్మైరా నుంచి, తూరు, సీదోను నుంచి, యెమెన్‌లోని హిమ్యార్ నుంచి కూడా తెచ్చి ఇక్కడ పూడ్చారు.

ఇరవయ్యో గుహలోకి వంగి నడిస్తే చల్లగా, చెమ్మగా ఉంటుంది. నూటికి పైగా రాతి శవపేటికలు, కొన్నింటి మీద సింహాలు, గద్దలు, వేట దృశ్యాలు. విగ్రహాలంటే గిట్టని మతమని మనం అనుకుంటాం. ఇక్కడ పండితుల ఎముకల మీద గద్దలు రెక్కలు విప్పాయి. బేత్ షెఅరీం మొత్తం మీద శాసనాల్లో ఎక్కువ భాగం గ్రీకు. యుస్తుస్ అనే యువకుడి సమాధి మీది గ్రీకు పద్యం హోమర్ శైలిలో ఉంది, అందులో గ్రీకుల పాతాళమైన హేడిస్ ప్రస్తావనా ఉంది. రోమును తిట్టుకుంటూనే రోము రాజ్యంలో, గ్రీకు మాట్లాడుతూనే హీబ్రూలో ప్రార్థిస్తూ బతికిన జనం వీళ్ళు.

పద్నాలుగో గుహ మరీ ముఖ్యం. మూడు తోరణాల ముఖద్వారం దాటితే సమాధుల దగ్గర రబ్బీ షిమోన్, రబ్బీ గమ్లియేల్, రబ్బీ అనీనా అని మూడు పేర్లు. రబ్బీ యెహూదా హనాసీ మరణశయ్య మీద ఉండి, కొడుకు షిమోన్‌ను పండితుడిగా, కొడుకు గమ్లియేల్‌ను అధిపతిగా, శిష్యుడు హనీనాను సభా ముఖ్యుడిగా నియమించాడని తాల్ముద్ చెబుతుంది. ఆ మూడు పేర్లూ ఒకే గుహలో కనిపించడం వల్ల ఇది ఆ కుటుంబానిదే అనుకుంటున్నారు. గుహ చివర నేలలోకి తొలిచిన జంట సమాధి ఉంది. బొమ్మ లేదు, అక్షరం లేదు. అది యెహూదాదీ ఆయన భార్యదీ కావచ్చంటారు.

ఈ యెహూదా, యావ్నే గమ్లియేల్‌కు మనవడు. సుమారు 200 ప్రాంతంలో మిష్నాను కూర్చింది ఈయనే. అంతవరకు నోటి నుంచి నోటికి వచ్చిన న్యాయచర్చలు ఆరు భాగాలుగా, అరవై మూడు గ్రంథాలుగా కుదురుకున్నాయి. ఒంట్లో బాగాలేక చివరి పదిహేడేళ్ళు గాలి మంచిదని త్సిప్పోరి కొండ మీద గడిపాడు. నేనూ అటే వెళ్ళాను.

త్సిప్పోరి శిథిలాల్లో రోమన్ రంగస్థలం ఉంది, బండి చక్రాల గాడి పడ్డ రాతి వీధి ఉంది, మూడో శతాబ్దపు సంపన్నుల ఇల్లుంది. ఆ ఇంటి భోజనశాల నేల మీద రంగురాళ్ళతో మద్యదేవత డయోనిసస్, హెరాక్లెస్‌తో పందెం వేసి తాగుతుంటాడు. అంచున తల కాస్త వంచి చూసే స్త్రీ ముఖం ఒకటి, గలిలయ మోనాలిసా అంటారు. అటు ఆ విందులు, ఇటు అదే ఊళ్ళో యెహూదా పెద్ద సభ. మిష్నా ఎలా మొదలవుతుందో ఆ నేల మీద నిలబడి గుర్తు చేసుకున్నాను. సాయంత్రం చేసే ప్రార్థన ఏ వేళ నుంచి ఏ వేళ వరకు చెయ్యవచ్చన్నది మొదటి ప్రశ్న. దానికి మొదట వచ్చే జవాబు, పేరుతో సహా, ఎలియేజర్‌ది! వెలివేసిన ఆ ఎలియేజర్‌దే. తర్వాత సభలో మిగతావారి మాట. మూడో జవాబు రబ్బన్ గమ్లియేల్‌ది. వెలివేయించిన అధిపతి మనవడు, తాతగారి మాట కంటే ముందు వెలి పడ్డవాడి మాటను పెట్టాడు. ఆ తర్వాత పుటల్లోనూ ఎలియేజర్ పేరు వందల సార్లు వస్తుంది.

నెగ్గిన మాట ఒక్కటి రాస్తే సరిపోదా, ఓడినది ఎందుకు రాయాలని మిష్నానే ఒకచోట అడుగుతుంది. రేపు ఇంకో న్యాయసభకు ఈ ఒంటరి మాటే సరైనదనిపిస్తే దాన్ని ఆధారంగా పట్టుకోవడానికి, అని ఒక సమాధానం. కాదు, రేపెవడైనా ఆ మాట ఎత్తితే అది ఎప్పుడో కొట్టేసినదని చూపించడానికే, అని ఇంకో సమాధానం. ఓడిన వాదాన్ని ఎందుకు రాస్తున్నామన్న దాని మీద కూడా రెండు వాదాలు! ఇంకా పాతకాలపు హిల్లేల్, షమ్మాయి బడుల తగాదాలో హిల్లేల్ బడి ఎందుకు నెగ్గిందంటే, వాళ్ళు సౌమ్యులని, తమ మాటతో పాటు ఎదుటివాళ్ళ మాటనూ బోధించేవాళ్ళని, ఎదుటివాళ్ళదే ముందు చెప్పేవాళ్ళని కారణం చెబుతారు. యెహూదా మొదటి పుటలో పాటించింది ఆ మర్యాదనే.

ఆయన్నూ వదల్లేదు వాళ్ళు. కబేళాకు తోలుకుపోతున్న దూడ ఒకటి వచ్చి యెహూదా అంగరఖా చాటున తల దూర్చి ఏడ్చిందట. వెళ్ళు, నిన్ను పుట్టించిందే అందుకు, అన్నాడాయన. జాలి లేనివాడికి బాధ తగలాలని పైన తీర్పయింది. పదమూడేళ్ళు రోగాలతో అల్లాడాడు. ఒకరోజు పనిమనిషి ఇల్లు ఊడుస్తూ ముంగిస లాంటి జంతువు పిల్లలను చీపురుతో తోసేయబోతే, వదిలెయ్యి, ఆయన దయ ప్రాణులన్నిటి మీదా ఉంటుంది అన్నాడు. ఆ రోజుతో బాధ తీరింది. తమ న్యాయసంహితను కూర్చిన పెద్దాయనకే, ఒక దూడ విషయంలో న్యాయం తప్పావని చెప్పే ధైర్యం ఈ కథది.

ఆయన చావు కథలోనూ ఇంటి పనిమనిషి ఉంది. ఆ ఇంటి పనిమనిషి అంటే పండితులకు అర్థం తెలియని హీబ్రూ మాటలు ఆమె నోట విని నేర్చుకున్నంతటి మనిషి. యెహూదా చివరి రోజున పండితులు ఉపవాసముండి, ఆపకుండా ప్రార్థిస్తున్నారు. ఆమె మేడెక్కి, మొదట కిందివాళ్ళ ప్రార్థనే నెగ్గాలని కోరుకుంది. తర్వాత ఆయన ఎన్నిసార్లు దొడ్డికి లేవాల్సి వస్తోందో, ప్రతిసారీ నుదుటి, చేతి ప్రార్థన పట్టీలు విప్పుతూ కడుతూ ఎంత నరకం పడుతున్నాడో చూసింది. ఆయన్ను పిలుస్తున్న పైలోకం వాళ్ళే నెగ్గాలని కోరుకుంది. కిందివాళ్ళు ప్రార్థన ఆపితేనా? ఒక కూజా ఎత్తి మేడ మీద నుంచి కిందికి విసిరింది. ఆ చప్పుడుకు ఒక్క క్షణం గొంతులు ఆగాయి. ఆయన ప్రాణం పోయింది. సభలోని పండితులందరికంటే ఆయన బాధను బాగా చదివింది ఆమె. పేరు మాత్రం ఎవరూ రాయలేదు. ఓడిన వాదాన్ని పేరుతో సహా దాచుకున్నవాళ్ళు ఈమె పేరు పోగొట్టుకోవడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

త్సిప్పోరి నుంచి నజరేతు అయిదారు కిలోమీటర్లు. అక్కడి వీధిలో తెలుగు వినిపించింది. కృష్ణా, గుంటూరు జిల్లాల నుంచి వచ్చిన యాత్రికుల బృందం. యెరూషలేము యాత్రకు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం సాయం చేసే పథకం వచ్చినప్పటి నుంచి ఇలాంటివాళ్ళు ఎక్కువే కనిపిస్తారు. ఎక్కడెక్కడ తిరిగారని ఒక పెద్దావిడ అడిగితే చెప్పాను. వాళ్ళు పరిసయ్యులు కదయ్యా, అంది ఆవిడ, కాస్త అనుమానంగా. అవునమ్మా, ఆ బడి వారసులే అన్నాను. మన భాషలో పరిసయ్యుడంటే వేషధారి అన్న అర్థమే స్థిరపడింది. బైబిలు అపొస్తలుల కార్యములలో, ఈ యేసు శిష్యుల జోలికి పోవద్దు, ఇది మనుషుల పనైతే దానంతటదే పోతుందని సభకు నచ్చజెప్పే గమలీయేలు పరిసయ్యుడేనని, పౌలు చదువుకున్నది ఆయన దగ్గరేనని, యావ్నే గమ్లియేల్ ఆయన మనవడని చెప్పాను. గమలీయేలు మంచోడే, అని ఒప్పుకుంది. చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో బెనే ఎఫ్రాయిం అనే తెలుగు కుటుంబాలు తాము యూదులమని చెప్పి సబ్బాతు పాటిస్తాయని కూడా అంటే, ఆ ఊరు మాకు దగ్గరే, ఎప్పుడూ వినలేదే అంది. బస్సు హారన్ కొట్టింది.

తిబెరియ సముద్రమట్టానికి రెండు వందల మీటర్ల దిగువన, సరస్సు ఒడ్డున ఉంటుంది. ఎండ నేలలోంచి పొడుచుకొచ్చినట్టుంటుంది. హేరోదు అంతిపా చక్రవర్తి తిబెరియస్ పేర కట్టిన ఊరు. సమాధుల మీద కట్టాడని మొదట్లో భక్తులైన యూదులు అడుగుపెట్టలేదు. తర్వాత ఇదే వాళ్ళ విద్యాకేంద్రమైంది, యెరూషలేము తాల్ముద్ అని పిలిచేది ఎక్కువగా ఇక్కడే రూపుదిద్దుకుంది. సమాధుల గుర్తింపు చాలావరకు మధ్యయుగ యాత్రికుల నుంచి వచ్చిన సంప్రదాయం. యోహనాన్ బెన్ జక్కయ్ సమాధి ఉన్న ఆవరణలోనే 1204లో ఈజిప్టులో పోయిన తత్త్వవేత్త, వైద్యుడు మైమొనిదీస్ సమాధి. ఆయన న్యాయసంహితలోని పద్నాలుగు గ్రంథాలకు గుర్తుగా దారికిరువైపులా పద్నాలుగు నల్లరాతి స్తంభాలు. జనం ఆయన కోసమే వస్తారు. శవపేటికలోంచి లేచి వచ్చిన ముసలాయన దగ్గర రద్దీ తక్కువ.

కొండ మీద అకీవా. నలభై ఏళ్ళ దాకా అక్షరం రాని గొర్రెల కాపరి, నీటి చుక్కలు బండను తొలచడం చూసి చదువుకు కూర్చున్నాడు. ఆయనలో పండితుణ్ణి చూసింది యజమాని కూతురు రాహేల్. పెళ్ళి చేసుకుని, తండ్రి ఆస్తి పోగొట్టుకుని, ఏళ్ళ తరబడి ఎదురుచూసింది. వేల శిష్యులతో తిరిగొచ్చినప్పుడు చిరుగు బట్టల్లో దగ్గరికి వస్తున్న ఆమెను వాళ్ళు తోసేయబోతే, నాదీ మీదీ అంతా ఆమెదే అన్నాడు. 132లో రోము మీద తిరగబడ్డ బర్ కోఖ్బాను మెస్సయ్య అని నమ్మాడు. నీ చెంపల మీద గడ్డి మొలిచినా మెస్సయ్య రాడని యోహనాన్ బెన్ తోర్తా ముఖం మీదే అన్నాడు. తిరుగుబాటు 135లో నెత్తుటిలో ముగిసింది. కైసరయలో ఇనుప దువ్వెనలతో ఒళ్ళు చీరుతుంటే ఆయన ప్రార్థన చదువుతూ పోయాడు. ఆ అమరుణ్ణి తలచుకునే పుస్తకాల్లోనే బెన్ తోర్తా మాటా ఉంది. అదే నిజమైంది.

ఊరికి దక్షిణాన వేడినీటి బుగ్గల దగ్గర హమ్మత్ ప్రార్థనా మందిరం. నాలుగో శతాబ్దపు మొజాయిక్ నేల. మధ్యలో రథమెక్కిన సూర్యుడు, చుట్టూ పన్నెండు రాశులు, మేషం నుంచి మీనం దాకా. ఏ తెలుగువాడైనా చెప్పక ముందే గుర్తుపడతాడు. కుంభం దగ్గర హీబ్రూ అక్షరాలు తిరగేసి ఉన్నాయి. పనివాడికి భాష రాదేమో. కట్టించినవారిలో సెవెరస్ అనే ఆయన, తాను అధిపతుల ఇంట పెరిగినవాణ్ణని గ్రీకులో రాయించుకున్నాడు. యెహూదా వంశపు ఇల్లే అది.

పక్కనే రెండు గుమ్మటాల కింద రబ్బీ మేయిర్. ఆయన పేర ధర్మపు డబ్బాలు యూదులున్న చాలా దేశాల్లో ఉంటాయి. వీధిలోని దుండగులు చావాలని ఆయన ప్రార్థిస్తే, పాపం పోవాలని కోరు, పాపులు పోవాలని కాదు అని దిద్దింది భార్య బెరూరియా. మేయిర్ గురువు ఎలీషా బెన్ అబూయా మతం విడిచాడు. అందరూ ఆయన్ను పేరుపెట్టి పిలవడం కూడా మానేశారు. మేయిర్ ఆయన్ను వదల్లేదు. సబ్బాతు రోజు గురువు నియమం మీరి గుర్రమెక్కి వెళుతుంటే, పాఠం వింటూ వెనకే నడిచాడు. కొంత దూరం పోయాక, గుర్రం అడుగులు లెక్కపెడుతున్నాను, సబ్బాతున నువ్వు నడవదగిన దూరం ఇక్కడికి అయిపోయింది, వెనక్కి వెళ్ళు అన్నాడు గురువు. తాను వదిలేసిన నియమాన్ని శిష్యుడి కోసం లెక్కపెట్టాడు. నువ్వూ వెనక్కి రా అన్నాడు మేయిర్. ఆయన రాలేదు.

ఎలీషా చనిపోయాక, చదివినవాడు కాబట్టి శిక్ష లేదు, తప్పినవాడు కాబట్టి పరలోకమూ లేదు అన్నారట పైన. శిక్ష అనుభవించైనా లోపలికి పోవడమే మేలు, నేను చనిపోయాక ఆయన సమాధి నుంచి పొగ లేపుతాను అన్నాడు మేయిర్. లేచింది. కొన్ని తరాల తర్వాత తిబెరియ సభకు పెద్ద రబ్బీ యోహనాన్ ఆ పొగను చూసి, గురువును కాల్చడం ఏం ఘనకార్యం, మనలో ఒకడు తప్పిపోతే కాపాడలేమా, నేను చనిపోయాక ఆర్పేస్తాను అన్నాడు.

ఈ యోహనాన్ ఎలా చనిపోయాడో కూడా చెప్పాలి. ఒకప్పుడు ఆయన యోర్దానులో స్నానం చేస్తుంటే రేష్ లాకిష్ అనే బందిపోటు నీళ్ళలోకి దూకి వచ్చాడు. ఆ బలాన్ని చదువు వైపు తిప్పు, నా చెల్లెలిని ఇచ్చి చేస్తాను అన్నాడు యోహనాన్. బందిపోటు మహాపండితుడయ్యాడు, ఇద్దరూ జీవితమంతా ఎదురెదురుగా కూర్చుని వాదించుకున్నారు. ఒకనాడు కత్తి, బాకు ఎప్పుడు పూర్తయిన వస్తువుల కింద లెక్క అన్న చర్చలో, దొంగకు దొంగ పని తెలుస్తుంది అని యోహనాన్ నోరు జారాడు. రేష్ లాకిష్ మనసు విరిగింది. మాటా మాటా పెరిగి, అతను మంచం పట్టాడు. భార్య వచ్చి అన్న కాళ్ళ మీద పడినా యోహనాన్ కరగలేదు. అతను చనిపోయాడు.

అప్పుడు యోహనాన్ కూలిపోయాడు. ఊరట కోసం సభ ఎలాజర్ బెన్ పెదాత్ అనే చురుకైన పండితుణ్ణి పంపింది. యోహనాన్ ఏం చెప్పినా, మీ మాటకు ఇదిగో ప్రమాణం అని అతను ఒక ఆధారం చూపేవాడు. నువ్వు లాకిష్ కొడుకులాంటివాడివా, అన్నాడు యోహనాన్, రేష్ లాకిష్‌ను తలచుకుని. నేనొకటి అంటే అతను ఇరవై నాలుగు అభ్యంతరాలు చెప్పేవాడు, నేను ఇరవై నాలుగు జవాబులు వెతికేవాణ్ణి, చర్చ విశాలమయ్యేది. నా మాట సరైనదని నాకు తెలియదనా నువ్వు ప్రమాణాలు తెస్తున్నావు? బట్టలు చింపుకుని, లాకిష్ కొడకా, ఎక్కడున్నావని ఏడుస్తూ వీధుల్లో తిరిగాడు. మతి పోయింది. తోటివాళ్ళు ఆయన కోసం దేవుణ్ణి వేడుకుంటే ప్రాణం పోయింది. ఆ రోజే ఎలీషా సమాధి మీద పొగ ఆగిపోయింది. రబ్బీ, నరకం వాకిలి కావలివాడు కూడా మీ ముందు నిలవలేకపోయాడు, అని శోకం పెట్టడానికి వచ్చినవాడు ఎత్తుకున్నాడట.